మందు ఒకరికి, పథ్యం ఇంకొకరికి

మణికొండ ఈశ్వరయ్య వైద్యుడి దగ్గరికి వెళ్ళేవాళ్ళకు ముందుగా ఒక సంగతి చెప్పి పంపడం మంచిది. ఆయన మందు రోగికే ఇస్తాడు. పథ్యం మాత్రం రోగి పక్కన కూర్చున్నవాళ్ళకు పెడతాడు.

ఇది ఎప్పుడో ఒకసారి పొరపాటున జరిగింది కాదు, ఆయన వైద్యమే అంత. మోకాళ్ళ నొప్పులని ఒక తల్లి వస్తే ఆమెకు తైలం ఇచ్చి, తీసుకొచ్చిన కొడుకును "ఇగ నువ్వు కూసున్న కాడికి నీళ్ళు తెమ్మని అడగొద్దు" అంటాడు. మనవడు అన్నం తినడం లేదని ఒక నాయనమ్మ మొరపెట్టుకుంటే, పిల్లవాడికి వాము నీళ్ళు పోసి, వాడు తినేటప్పుడు నాయనమ్మను ఆ గదిలోకే రావద్దంటాడు. తరువాత ఆ పిల్లవాడు మారు వడ్డించుకుని తింటున్నాడని ఆయన భార్య కిష్టమ్మ చెప్పింది. నేను చూడలేదు కానీ నమ్ముతాను, ఎందుకంటే ఆ నాయనమ్మను చూశాను.

ఒంటరిగా వచ్చినవాళ్ళ నాడి కూడా పట్టడు. "ఎవర్నన్న ఎంబడి తెచ్చుకో బిడ్డా, లేకుంటే పథ్యం ఎవరికి పెట్టాలె?" అని వెనక్కి పంపేస్తాడు. మొదట్లో మా ఐటీ కుర్రాళ్ళు తెలివికి పోయి, ఎక్కి వచ్చిన ఆటో డ్రైవర్‌నే లోపలికి తెచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. కుర్రాడికి అరుగుదలకి చూర్ణం దొరికేది, డ్రైవర్‌కి గుట్కా బంద్ అయ్యేది. ఇప్పుడు తెలిసిన ఆటోవాడెవడూ మా గల్లీలోకి రాడు. మూలమీదే దింపేసి, "ఆ ముసలాయన ఇంటి ముంగటికి నేను రాను మేడం" అంటాడు.

ఇదంతా నాకెలా తెలుసంటే, మేము ఆయన ఇంట్లోనే పై పోర్షన్‌లో కిరాయికి ఉంటాం. చుట్టూ అపార్ట్‌మెంట్లు ఎంత ఎత్తుకు లేచినా ఆ పాత ఇంటిని మాత్రం ఆయన ఏ బిల్డర్‌కీ ఇవ్వలేదు. కింద ముందు గది వైద్యశాల. వెనక గదుల్లో ఆయనా, కిష్టమ్మా. పైన నేనూ, మా ఆయన వంశీ. నేను రాయదుర్గంలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. పొద్దస్తమానం ఇతరులు చేసిన పనిలో తప్పులు వెతకడమే నా ఉద్యోగం. అది ఆఫీసు దగ్గర ఆగదు, ఇంటికి కూడా నాతోపాటు వస్తుంది. మేము తాత అని పిలిచే ఆ వైద్యుడి పథ్యాల పద్ధతిలో తప్పు ఎక్కడుందో కనిపెట్టాలని చాలాకాలం ప్రయత్నించాను.

ఒకసారి నాకే మెడ పట్టేసింది. మా టీమ్ లీడ్ హేమంత్ గుంటూరు మనిషి, మర్యాదస్తుడు, కారులో ఇంటికి తీసుకొచ్చాడు. గేటు దగ్గర దింపి వెళ్ళిపోతే సరిపోయేది. వైద్యశాల ఎలా ఉంటుందో చూద్దామని సరదాపడి లోపలికొచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. తాత నా మెడ అటూ ఇటూ తిప్పి చూసి, తైలం రాయమని కిష్టమ్మకు చెప్పి, అతని వైపు తిరిగాడు.

"నువ్వేం చేస్తవ్ సారూ?"

"ఈవిడ టీమ్‌కి లీడ్‌నండి."

"రాత్రి ఎన్నిటిదాంక మెసేజ్‌లు పెడ్తవ్ ఈమెకు?"

"అర్జెంటైతేనే అండి. అప్పుడప్పుడు అండి."

"ఇగ ఎనిమిది దాటినంక ఒక్కటి గూడ పెట్టొద్దు. నెల పథ్యం."

హేమంత్ నా వైపూ, తాత వైపూ చూశాడు. "నాకు మెడ నొప్పి లేదండి."

"నాకెరుకే. మెడ ఆమెది, నొప్పి నువ్వు."

"పథ్యం తప్పితే ఏమవుతుందండి?"

"ఆమెకు తగ్గది. తగ్గనిది ఊకుంటదా? ఎవరి మెడకో ఒకరి మెడకు పోతది."

ఆ రాత్రే అలవాటు కొద్దీ హేమంత్ నాకు మెసేజ్ పెట్టాడు. మర్నాడు మెడకు పట్టీ కట్టుకుని ఆఫీసుకొచ్చాడు. ఏసీ కింద పడుకున్నానని అందరికీ చెప్పుకున్నాడు. అదే నిజం కూడా అయ్యుంటుంది. కానీ ఆ తరువాత మా టీమ్‌లో ఎవరికీ ఎనిమిది దాటాక మెసేజ్ రాలేదు.

ఇక నా అసలు కథకు వస్తాను. మాకు పెళ్ళయి ఆరేళ్ళు దాటింది, పిల్లలు కలగలేదు. చూశారా, ఈ ముక్క చెప్పడానికి నాకు ఒక్క వాక్యం చాలింది. మా అత్త శారదమ్మకు రోజూ అరగంట పట్టేది. నంద్యాల నుంచి ఫోన్ చేసి, "ఏం పాపా, ఏమన్నా విశేషమా?" అని మొదలుపెట్టేది. లేదనగానే ఒక నిట్టూర్పు విడిచేది. ఆ నిట్టూర్పు కర్నూలు, మహబూబ్‌నగర్ దాటుకుని వచ్చి నేరుగా నా చెవిలో పడేది. ఆమె చెడ్డ మనిషి కాదు. పెట్టిన పచ్చళ్ళలో మంచి జాడీ ఎప్పుడూ నాకే వచ్చేది. కానీ ఆ నిట్టూర్పు విన్న రోజు నాకు ఆ పచ్చడి కూడా సయించేది కాదు. బిడ్డ కావాలని నాకు లేదా? ఆమెకంటే నాకే ఎక్కువ ఉంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

చివరికి కొండాపూర్‌లో డాక్టర్ నవ్య గారి దగ్గరికి వెళ్ళాం. పరీక్షలన్నీ అయ్యాక ఆవిడ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. నా ట్యూబులు మూసుకుపోయాయి, వంశీకి వీర్యకణాల సంఖ్య తక్కువ. "ఎవరి తప్పూ కాదు. సమస్య ఇద్దరిలో ఉంది కాబట్టి ఐవీఎఫ్ చేద్దాం" అంది. ఇంటికి రాగానే వంశీ వాళ్ళమ్మకు ఫోన్ చేసి, "హరితకి ట్రీట్‌మెంట్ మొదలుపెడుతున్నామమ్మా" అన్నాడు. తన సంగతి ఆ వాక్యంలో ఎక్కడా లేదు. వంశీ చెడ్డవాడు కాదు, అమ్మంటే భయం. నేనూ అప్పటికి ఊరుకున్నాను గానీ, తప్పు కనబడ్డాక నాకు నిద్ర పట్టదు.

అత్త వెంటనే బస్సెక్కేసింది. చేతిలో సంచీ, సంచీలో నంద్యాలలో ఎవరో చేసిచ్చిన లేహ్యం డబ్బా. "సూదులూ మిషన్లూ తర్వాత. ముందు మన నాటు మందు తినల్ల" అంది గుమ్మంలోనే. కింద ఉన్నది ఆయుర్వేద వైద్యుడే అని తెలిశాక ఆమె సంతోషానికి పట్టపగ్గాల్లేవు. "ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకొని ఊరంతా తిరుగుతాండారే" అని మమ్మల్ని తిడుతూనే ఇద్దర్నీ మెట్లు దింపింది.

తాత నా నాడి పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు. అత్త ఊపిరి బిగబట్టి నిలబడింది.

"మా శాస్త్రంల బిడ్డ పుట్టాలంటె నాలుగు కావాలె చెల్లె," అన్నాడు అత్తతో. "కాలం, చేను, నీళ్ళు, ఇత్తనం. నాలుగూ కుదిరితెనే మొలక."

"అవును సామీ. ఆ చేన్లోనే ఏందో ఉండాది," అంది అత్త నా వైపు జాలిగా చూస్తూ.

"చేను ఒక్కటే అన్ననా నేను? నాలుగన్న. మీ దిక్కు పంట రాకుంటె ఇత్తనాల దుకాణపోని మీదికి కొట్లాటకు పోతరు గద. ఈడికొచ్చెవరకు చేనునే తిడ్తరేంది?"

వంశీ గోడ మీది క్యాలెండర్‌లో ఏదో ముఖ్యమైన తేదీ వెతుక్కోవడం మొదలుపెట్టాడు. తాత అతణ్ణి ఒకసారి చూశాడు. డాక్టరమ్మ ఏం చెప్పిందో చెప్పమని నన్ను అడిగాడు. ట్యూబుల సంగతి చెప్పి నేను ఆగిపోయాను. ఆగిన చోటేమిటో ఆయనకు అర్థమైనట్టుంది, ఇంక రెట్టించలేదు.

"తొవ్వ మూసుకపోయింది చెల్లె. నా కషాయం తొవ్వ తవ్వది. డాక్టరమ్మ బయటనే మొలకెత్తిచ్చి తెచ్చి లోపల పెడ్తది, నారుమడిల పెంచి నాటేసినట్టు. అదే సరైంది. పోనియ్యి."

నాటు వైద్యుడే సూదులు వేయించుకోమంటాడని అత్త కలలో కూడా అనుకోలేదు. చివరి ఆశగా లేహ్యం డబ్బా తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన మూత తీసి వాసన చూశాడు.

"దీంట్ల ఏమేసిండో చేసినోనికి గూడ ఎరుక ఉండదు. సూదులేసుకునే పిల్లకు ఇసుంటియి పెట్టొద్దు," అని డబ్బాను తన అలమరాలో పై అరలోకి ఎక్కించేశాడు. "నేనిచ్చేది రోజుకో చెంచెడు నెయ్యి. అది గూడ డాక్టరమ్మ సరే అంటెనే. మందు గంతే. ఇగ పథ్యం ఉన్నది."

పథ్యం అనగానే అత్త ముఖం వెలిగింది. పథ్యం ఆమె సామ్రాజ్యం. కాన్పయ్యాక నెలల తరబడి కారం ముట్టకుండా ఉన్న మనిషి, మాకు జలుబు చేసినా పెరుగు గిన్నె దాచేసే మనిషి. "ఏం తినకూడదో చెప్పు సామీ. దగ్గరుండి చూసుకుంటా. ఒక్క చింతపండు రెక్క ముట్టనీను ఈమెను."

"ఆమెకు గాదు. నీకు."

"నాకేంది సామీ? నేనేమన్నా నీళ్ళోసుకోవల్లనా?"

"పథ్యం ఇంట్ల పెద్దోళ్ళు చెయ్యాలె. ఇను. పిల్లల ముచ్చట ఈమె ముంగట తియ్యొద్దు. ఫోన్ల తియ్యొద్దు. ఎవరి బారసాలకన్న పోతె ఫోటోలు తెచ్చి చూపియ్యొద్దు. కడుపు దిక్కు చూడొద్దు. నిట్టూర్పు ఇడువొద్దు."

"నిట్టూర్పు కూడానా?"

"అన్నిటికంటె వేడి చేసేది అదే."

అత్త కాసేపు పోరాడింది. ఆదివారాలైనా సడలింపు ఇవ్వమంది. పండగ రోజు ఒక్కసారి అడగొచ్చా అంది. తాత తల అడ్డంగా ఊపాడు. "పథ్యం తప్పితె మందు పట్టది చెల్లె. నీ ఇష్టం." ఆ మాటతో ఆమె చేతులెత్తేసింది. మా అత్త గుళ్ళో దేవుడితోనైనా బేరమాడుతుంది, పథ్యంతో ఆడదు.

ఈ గొడవలో వంశీ మెల్లగా మెట్ల దాకా వెళ్ళిపోయాడు.

"ఏడికి బాబూ? నీదున్నది."

"నాకు కూడానా తాతా?"

"నీది చిన్నదే. హరితకు ట్రీట్‌మెంటు అనే మాట బంద్. మాకు ట్రీట్‌మెంటు అనాలె. ఎవరడిగినా గంతే."

ఆ చిన్న పథ్యం వంశీకి చుక్కలు చూపించింది. మొదట్లో ఆ మాట అనాల్సొస్తుందని ఫోన్లే ఎత్తలేదు. ఆదివారం మేం భోజనాలు చేస్తుంటే వాళ్ళక్క భార్గవి అనంతపురం నుంచి ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టాడు. "హరి..." అని మొదలెట్టి ఆగాడు. "మాకు ట్రీట్‌మెంట్ జరుగుతోంది అక్కా" అన్నాడు. వడ్డిస్తున్న అత్త చేతిలో గరిటె ఆగింది.

"మాకు అంటే ఏందిరా? నీకేమైంది?" అంది అత్త.

వంశీ తల వంచుకుని పప్పన్నం కలుపుతూ అంతా చెప్పాడు. ఆమె నిలబడే వింది. నిట్టూర్పు బయల్దేరడం నేను కళ్ళారా చూశాను. గొంతు దాకా వచ్చింది. పథ్యం గుర్తొచ్చి మింగేసింది. ఫోన్‌లో భార్గవి "అమ్మా, ఉండావా?" అంటోంది. అత్త ఎప్పుడూ కొడుక్కి ముందు వేసే నెయ్యి ఆ పూట నా కంచంలో ముందు వేసింది.

ఆ తరువాత పథ్యాన్ని ఆమె పట్టిన పట్టు చూస్తే పెట్టిన తాతకే భయం వేసుంటుంది. ఊరికి తిరిగి వెళ్ళాక చుట్టాల వాట్సాప్ గ్రూప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. "హరితను ఎవురూ ఏమీ అడగొద్దండి, పథ్యం చెడిపోతాది. అడగాలనిపిస్తే నన్ను అడగండి. నన్నూ అడగొద్దు, నేను పథ్యంలో ఉండా." నంద్యాలలో ఎవరి సీమంతంలోనో ఒకావిడ ఉండబట్టలేక "మీ కోడలికేమన్నా..." అని మొదలుపెడితే, అత్త తాంబూలం అక్కడే వదిలేసి పెరట్లోకి వెళ్ళి చెవులు కడుక్కుంది. అంతటితో ఆగక తాతకు ఫోన్ చేసింది.

"సామీ, నేను అన్లేదు, చెవిలో పడింది. దోషమా?"

"చెవులకు మాఫీ చెల్లె."

"కడిగేసినా."

"మంచిగ చేసినవ్."

ఇక్కడ డాక్టర్ నవ్య గారు సూదులు మొదలుపెట్టే ముందు నన్ను నిలదీసింది. ఆయుర్వేదం మందులేమైనా వాడుతుంటే దాచకుండా చెప్పమంది. దాచడం వల్లే కొందరికి ప్రాణాల మీదికి వస్తోందట.

"ఒక చెంచా నెయ్యి డాక్టర్. అది కూడా మీరు ఒప్పుకుంటేనే అన్నాడు."

"నెయ్యికి నాకేం అభ్యంతరం లేదు. ఇంకా?"

"ఇంకేం లేదు. పథ్యం ఉంది, కానీ అది మా అత్త చేస్తోంది."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. అంతా చెప్పాను. నిట్టూర్పు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నవ్వు ఆపుకోలేక కుర్చీ వెనక్కి తిప్పుకుంది. తలుపు సందులోంచి బయట వరండా కనిపిస్తోంది. కోడళ్ళు ఫైళ్ళు పట్టుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరి పక్కన ఒక్కో అత్త ఉంది. ఎవరి చూపూ కోడలి ముఖం మీద లేదు. నవ్య గారు కాసేపు అటే చూసి, "ఆయన అడ్రస్ చెప్పండి" అంది. ఆ తరువాత వారం వారం మా గల్లీ మూలన ఆటోలు దిగి నడిచొచ్చే అత్తల సంఖ్య పెరిగింది. వచ్చేటప్పుడు గట్టిగా మాట్లాడుకుంటూ వచ్చి, వెళ్ళేటప్పుడు మౌనంగా వెళ్ళేవాళ్ళు. ఆ నెలంతా కిష్టమ్మకు టీలు కాచడంతోనే సరిపోయింది.

మా మొదటి ప్రయత్నం ఫలించలేదు.

ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను. బయటికొచ్చి విని, లోపలికెళ్ళి లాప్‌టాప్ మూసేసి, ఎవరికీ చెప్పకుండా క్యాబ్ ఎక్కాను. వంశీకి మాత్రం మెసేజ్ పెట్టాను. దారిలో ఏడుపు రాలేదు. ఇంట్లో అత్త ఉంది. నాకు సాయంగా ఉందామని నంద్యాల నుంచి వచ్చి ఎదురుచూస్తోంది. ఆమె ముఖంలోకి ఎలా చూడాలా అన్నదే నా దిగులు. పోయిందన్న బాధ ఒకటైతే, పోయిందని ఇంకొకరికి చెప్పి, వాళ్ళు పడే బాధను కూడా నేనే మోయాల్సి రావడం ఇంకొకటి. ఆరేళ్ళుగా నన్ను కుంగదీసింది ఆ రెండోదే.

అత్త తలుపు తీసింది. నన్ను చూడగానే తెలిసిపోయింది. నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను, ఆ నిట్టూర్పు కోసం ఒళ్ళంతా బిగించుకుని.

"ఉగ్గాని చేసినా," అంది. "బజ్జీలు వేడిగుండాయి. కాళ్ళు కడుక్కొని రా."

కంచం ముందు కూర్చున్నాక ఏడ్చాను. ఆమె ఎందుకని అడగలేదు. నా పక్కనే కింద కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తూ, మధ్యమధ్య నా వీపు మీద చెయ్యి వేసింది. చేతికి మిరపకాయల ఘాటు ఉందని గుర్తొచ్చి మోచేత్తో నిమిరింది. ఆ మోచేతికి నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. వంశీ వచ్చి మా ఇద్దర్నీ చూసి, చెప్పులు విప్పకుండానే, "మాకు ఈసారి కాలేదమ్మా" అన్నాడు. అత్త సరేనన్నట్టు తలూపి అతనికీ ఉగ్గాని పెట్టింది. అంతే, ఇల్లు మామూలుగా ఉంది. ఓడిపోయిన రోజు ఇల్లు మామూలుగా ఉండొచ్చని నాకు అంతవరకూ తెలియదు. నాకు నెయ్యి తప్ప మందే ఇవ్వలేదని తాతను అన్నాళ్ళూ ఆటపట్టించాను. ఆయన ఇచ్చిన మందు నా పక్కన కూర్చుని తొడిమలు తీస్తోంది.

కొన్ని నెలల తరువాత రెండోసారి ప్రయత్నించాం. ఈసారి ఫోన్ వచ్చినప్పుడు ఇంట్లోనే ఉన్నాను. నవ్య గారే మాట్లాడింది. పాజిటివ్ అంది. స్కాన్‌లో గుండె చప్పుడు వినేదాకా ఎవరికీ చెప్పొద్దనుకున్నాం. ఆ చప్పుడు విన్నాక నేనడిగాను, పథ్యం పనిచేసిందా అని. "మంచి పిండం దొరికింది, దానికితోడు అదృష్టం. పథ్యం గురించి నేను రాసివ్వలేను" అని నవ్వింది. "కానీ పోయినసారి మీరు ఇదే గదిలో వణుకుతూ కూర్చున్నారు. ఈసారి వణకలేదు. అది మాత్రం చూశాను." ఇంటికి వస్తుంటే నాకు ఒళ్ళు ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతి బండివాడూ మంచివాడిలా కనిపించాడు.

అత్తకు వంశీయే చెప్పాడు. "అమ్మా, మాకు నిలిచింది" అన్నాడు. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. సంతోషంగా ఏదో అనబోయి, అనకూడదేమోనని భయపడి, అలాగే నోరు మూసుకుని మెట్లు దిగి పరుగెత్తింది. మేమూ వెనకే దిగాం. తాత వైద్యశాలలో వేర్లు ఎండబెడుతున్నాడు.

"సామీ, ఇప్పుడు మాట్లాడొచ్చునా?" అంది నోటి మీద చెయ్యి తీయకుండానే.

తాత తొందరపడలేదు. నన్ను కూర్చోబెట్టి నాడి పట్టుకున్నాడు. వదిలేటప్పుడు ఆయన ముఖమంతా నవ్వు. "మాట్లాడు చెల్లె. అయిపోయింది పథ్యం."

అప్పుడు చూడాలి. అన్ని నెలలుగా కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. పేరు, నక్షత్రం, ఉయ్యాల, చెవులు కుట్టించడం, ఎవరి ఒళ్ళో కూర్చోబెట్టాలి, ఏ బడి వద్దు, అన్నీ ఒకే ఊపిరిలో. కిష్టమ్మ పొయ్యి మీద పెట్టిన పాలు పొంగిపోయినా ఎవరూ కదల్లేదు. మధ్యలో నా వైపు తిరిగి, "నీకెట్లుంది పాపా?" అని అడిగి, జవాబు వినకుండానే మళ్ళీ ఉయ్యాల దగ్గరికి వెళ్ళిపోయింది. వంశీ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

కొంత అలసట తీరాక అత్తకు ఒక సందేహం వచ్చింది. "సామీ, ఈ పథ్యం ఏ గ్రంథంలో ఉండాది? మా ఊర్లో చెప్పల్ల నేను."

తాత తడబడ్డాడు. వేర్లు సర్దుకుని, "కల్వంల మందున్నది, నూరాలె" అంటూ లోపలికి జారుకున్నాడు. ఆయన అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. కిష్టమ్మ పొంగిన పాలు తుడుస్తూ కిసుక్కున నవ్వింది.

"ఏ గ్రంథంల లేదు వదినె. ముందుగాల మా అత్తకు పెట్టిండు, మా అత్తంటె ఆయనకు అమ్మ."

"ఎందుకమ్మా?"

"నాకు పిల్లలు కాలే గద. నాకు తాపని పసరు లేదు. ఉప్పు బంద్, పులుపు బంద్, అన్ని పథ్యాలు నాకే. మా అత్త లేస్తె అదే ముచ్చట, పంటె అదే ముచ్చట. ఈయన చూసి చూసి ఒకనాడు వాళ్ళమ్మను కూసోబెట్టి నాడి పట్టిండు. కిష్టికి కొత్త మందిస్తున్న, అది పట్టాలంటె పథ్యం నువ్వు చెయ్యాలె, పిల్లల ముచ్చట తియ్యొద్దు అన్నడు. నాకిచ్చిన మందేందో తెలుసా? చక్కెర నీళ్ళు."

అత్త ముందుకు వంగింది. "అప్పుడు పుట్టినారా?"

"పుట్టలే. పిల్లల కోసమని ఎప్పుడన్నడు ఆయన? నేను నిమ్మళంగ ఉండాలని పెట్టిండు. ఉన్న."

లోపల కల్వం చప్పుడు ఆగిపోయింది. వింటున్నాడన్నమాట.

"మరి మీ అత్త ఆ పథ్యం ఎప్పుడు ఇడిసింది?" అని అడిగింది మా అత్త, గొంతు తగ్గించి.

"ఇడువలే వదినె. ముసల్ది మంచంల పడ్డంక ఒకనాడు నన్ను దగ్గరికి పిలిచింది. కిష్టీ, ఎప్పట్సంది ఒకటి అందామనుకుంటున్న, పథ్యం తప్పుతదేమో అన్నది. ఇగ అదే అడుగుతదనుకున్న. ఏం గాదత్తా, అను అన్న. నీ చాపల పులుసు నా పులుసు కంటె మంచిగుంటది, ఇన్నేండ్లు నీకు చెప్పలే అన్నది."

అత్త చాలాసేపు నవ్వింది. కిష్టమ్మా నవ్వింది. లోపల కల్వం మళ్ళీ మొదలైంది, అవసరానికి మించి గట్టిగా.

మెట్లెక్కుతుంటే మాత్రం అత్త ఏదో ఆలోచిస్తూ వచ్చింది. పైకి చేరే ముందు ఆగి నన్ను పిలిచింది.

"హరితా, నువ్వు చారు కూడా సరిగ్గా పెట్టవు."

"పెట్టనత్తా."

"నేర్చుకోల్ల పాపా. నేను పోయేలోగా నీకు చెప్పేదానికి నాకూ ఏదన్నా ఉండల్ల గదా."

రేపటి నుంచి నేర్పమన్నాను. సరేనని నా చెయ్యి పట్టుకుని మిగిలిన మెట్లు ఎక్కించింది.